పార్టీలో పోటీ ముగిసిన మరునాడు

చింతాద్రిపేట (చెన్నై): కూవం నది మలుపులో ఒదిగి ఉన్న ఈ పేట పుట్టుక మగ్గాలతో ముడిపడినది. 1734 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ గవర్నరు జార్జి మార్టన్ పిట్ హయాంలో నేతపనివారిని, నూలు వడికేవారిని, అద్దకంవారిని రప్పించి ఇక్కడ ఇళ్ళ స్థలాలిచ్చారు. 'చిన్న తఱి పేట్టై', అనగా చిన్న మగ్గాల పేట, అన్న తమిళ మాటే కాలక్రమంలో చింతాద్రిపేట అయినదని పెద్దలు చెబుతారు. మగ్గం ఎరిగినవారికి ఒక సంగతి తెలుసు. పోగు తెగడం తప్పు కాదు, నేతలో అది నిత్యం జరిగేదే. తెగిన పోగును అప్పటికప్పుడు ముడివేయకపోవడమే తప్పు. చీర పూర్తయిన తరువాత ఆ లోపాన్ని సరిచేయడం ఎవరి తరమూ కాదు.

రాజకీయ పార్టీలలో అంతర్గత పోటీ కూడా ఇటువంటిదే. నాయకత్వం కోసమో, అభ్యర్థిత్వం కోసమో ఒకే జెండా కింద ఇద్దరు తలపడతారు. ఒకరు గెలుస్తారు, ఒకరు ఓడుతారు. అక్కడితో కథ ముగిసినదని పత్రికలు రాస్తాయి. అసలు కథ మరునాడు మొదలవుతుంది. ఓడినవారి వెంట నడిచిన వేలాది కార్యకర్తలు ఏమి కావాలి? నిన్నటిదాకా తిట్టిన నాయకుడి పటానికి నేడు దండ వేయగలరా? గెలిచినవారి అనుచరులు వారిని పంక్తిలో కూర్చోబెట్టుకుంటారా?

మన సరిహద్దు పల్లెలకు ఈ ప్రశ్న దూరపు ప్రశ్న కాదు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికీ, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కూ మారిన నాటి నుండి ఒకే వంశంలోని అన్నదమ్ములు రెండు రాష్ట్రాల ఓటర్లయ్యారు. ఆడపిల్లను అటు ఇచ్చాము, కోడలిని ఇటు తెచ్చుకున్నాము. అక్కడి పార్టీ చీలితే ఆ చీలిక మన పెళ్ళిపందిట్లోకీ వస్తున్నది, ఇక్కడి పార్టీ చీలితే అక్కడి వియ్యంకుల వసారాలోకీ వెళుతున్నది. కాబట్టి చెన్నపట్నం గడ్డ మీద, మన ఆంధ్రలో జరిగిన కొన్ని అంతర్గత పోటీలను, వాటి మరునాటి పరిణామాలను ఒకసారి నెమరు వేసుకోవడం అవసరం.

ప్రైమరీ అంటే ఏమిటి?

అమెరికాలో పార్టీ అభ్యర్థిని పార్టీకి చెందిన సామాన్య ఓటర్లే ముందుగా ఒక ఎన్నిక ద్వారా నిర్ణయిస్తారు. దానినే ప్రైమరీ అంటారు. 2008లో డెమొక్రాటిక్ పార్టీలో బరాక్ ఒబామా, హిల్లరీ క్లింటన్‌ల మధ్య నెలల తరబడి ఈ పోటీ సాగినది. హిల్లరీ ఓడినప్పుడు ఆమె అభిమానులలో కొందరు ప్రత్యర్థి పార్టీకే ఓటు వేస్తామని బాహాటంగా ప్రకటించారు. అయితే ఆమె జూన్‌లోనే పోటీ విరమించి ఒబామాకు మద్దతు పలికారు. ఆగస్టులో డెన్వర్ మహాసభలో ఆయనను ఏకగ్రీవంగా అభ్యర్థిగా ప్రకటించమని స్వయంగా కోరారు. గెలిచిన ఒబామా 2009లో ఆమెకు విదేశాంగ శాఖను అప్పగించారు. ఇద్దరూ తమ వంతు అడుగు వేశారు గనుకనే ఆ ముడి నిలిచినది.

మన దేశంలో ఇటువంటి ఎన్నిక అరుదు. 2014 లోక్‌సభ ఎన్నికలకు ముందు కాంగ్రెస్ కొద్ది నియోజకవర్గాలలో దీనిని ప్రయోగాత్మకంగా జరిపి చూచినదే గాని, ఆ పద్ధతి స్థిరపడలేదు. మన వద్ద ఈ పోటీ శాసనసభా పక్ష నాయకుడి ఎన్నిక రూపంలోనో, పార్టీ అధ్యక్ష పదవి రూపంలోనో, టికెట్ల పంపకం రూపంలోనో వస్తుంది. రూపం ఏదైనా గాయం ఒకటే.

1951: విడిపోయిన ఆంధ్ర కాంగ్రెస్

చింతాద్రిపేట నుండి అణ్ణా సాలై దాటితే ఓమందూరార్ ప్రభుత్వ ఎస్టేటు వస్తుంది. 1947 మార్చిలో టంగుటూరి ప్రకాశం పంతులు గారు సొంత పక్షంలోనే మద్దతు కోల్పోయి మద్రాసు ప్రధానమంత్రి పదవి నుండి దిగిపోగా, ఆయన స్థానంలోకి వచ్చిన ఓమందూరు రామస్వామి రెడ్డియార్ పేరు మీద వెలసినదే ఆ ఎస్టేటు. ఆనాటి ఆంధ్ర కాంగ్రెస్ వర్గపోరుకు అది ఒక మైలురాయి మాత్రమే. నాలుగేళ్ళ తరువాత, 1951లో, ఆంధ్ర ప్రదేశ్ కాంగ్రెస్ కమిటీ అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డి, ఆచార్య ఎన్.జి.రంగా గారలు పోటీపడ్డారు. సంజీవరెడ్డి గెలిచారు. రంగా గారు కాంగ్రెస్‌ను వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించారు. ప్రకాశం గారు ప్రజాపార్టీని పెట్టి, తరువాత ఆచార్య కృపలానీ గారి కిసాన్ మజ్దూర్ ప్రజాపార్టీతో కలిశారు.

ఫలితం 1952 తొలి సార్వత్రిక ఎన్నికలలో కనబడినది. 375 స్థానాలున్న ఉమ్మడి మద్రాసు శాసనసభలో కాంగ్రెస్‌కు 152 మాత్రమే దక్కాయి. అంతర్గత పోటీలో విజేత అయిన సంజీవరెడ్డి గారే అనంతపురంలో కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. పార్టీ లోపల గెలిచినవారు పార్టీ బయట ఓడారు. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చినదన్న సామెత మనవారికి కొత్తది కాదు.

అయితే ఆ కథ అక్కడ ఆగలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం గారు ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి గారు ఉపముఖ్యమంత్రి అయ్యారు. 1955 మధ్యంతర ఎన్నికలలో కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ ఒక్క కూటమిగా నిలిచాయి. 196 స్థానాలలో 146 ఆ కూటమికి వచ్చాయి. కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం ఓట్లు వచ్చినా దక్కిన స్థానాలు 15 మాత్రమే. చీలినప్పుడు ఓడిన వర్గాలే కలిసినప్పుడు గెలిచాయి. కలయికకు తక్కిన కారణాలున్నా, కమ్యూనిస్టుల ఓట్లు తగ్గలేదన్నది గమనించదగిన అంశం. మారినది అవతలి వారి లెక్క.

1954: కామరాజ్ చూపిన దారి

అదే కాలంలో, ఇదే చెన్నపట్నంలో, దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. 1953లో రాజాజీ ప్రభుత్వం ప్రవేశపెట్టిన ప్రాథమిక విద్యా పథకం పెద్ద దుమారం రేపినది. పిల్లలు బడిలో కొంతసేపు, తండ్రి వృత్తి నేర్చుకుంటూ ఇంటి వద్ద కొంతసేపు గడపాలన్న ఆ పథకాన్ని విమర్శకులు కులవృత్తి విద్యగా నిరసించారు. రాజాజీ వైదొలగవలసి వచ్చినది. 1954 మార్చి చివరలో శాసనసభా పక్ష నాయకత్వానికి ఎన్నిక జరిగినది. ఒకవైపు కె.కామరాజ్, మరొకవైపు రాజాజీ వర్గం నిలబెట్టిన సి.సుబ్రహ్మణ్యం. సుబ్రహ్మణ్యం గారి పేరును ప్రతిపాదించినవారు ఎం.భక్తవత్సలం. కామరాజ్‌కు 93 ఓట్లు, సుబ్రహ్మణ్యంకు 41 ఓట్లు వచ్చాయి.

ఇంతటి ఆధిక్యంతో గెలిచిన నాయకుడు ప్రత్యర్థులను పక్కన పెట్టినా అడిగేవారు లేరు. కామరాజ్ ఆ పని చేయలేదు. తనకు పోటీగా నిలిచిన సుబ్రహ్మణ్యంను, ఆయన పేరు ప్రతిపాదించిన భక్తవత్సలంను, ఇద్దరినీ తన చిన్న మంత్రివర్గంలోకి తీసుకున్నారు. అయితే విధానం విషయంలో మెతకదనం చూపలేదు. వివాదాస్పదమైన విద్యా పథకం 1954లోనే రద్దయినది. ఆ రద్దును ప్రకటించినవారు సుబ్రహ్మణ్యం గారే. మనిషిని గౌరవించారు, వివాదాన్ని తేల్చివేశారు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే కామరాజ్ నేర్పు అర్థం కాదు.

మన చిత్తూరు సీమకు ఆనుకొని ఉన్న గుడియాత్తంకు కూడా ఈ కథలో చోటున్నది. అప్పటికి శాసనసభ్యుడు కాని కామరాజ్ 1954లోనే గుడియాత్తం ఉపఎన్నికలో పోటీచేసి గెలిచారు. ప్రతిపక్షమైన ద్రవిడ మున్నేట్ర కళగం సైతం ఆయనకు మద్దతు పలికినది. తరువాత 1957లోనూ, 1962లోనూ కాంగ్రెస్ స్పష్టమైన ఆధిక్యంతో గెలిచినది. 1963లో కామరాజ్ పదవి వీడినప్పుడు ముఖ్యమంత్రి అయినవారు భక్తవత్సలం. నాడు ప్రత్యర్థి పేరు ప్రతిపాదించిన వ్యక్తే వారసుడయ్యారు. సుబ్రహ్మణ్యం గారు కేంద్రానికి వెళ్ళి ఆహార, వ్యవసాయ శాఖ మంత్రిగా హరిత విప్లవానికి బాట వేశారు. 1954లో ఆయనను దూరం చేసుకొని ఉంటే నష్టపోయేది ఒక్క పార్టీయేనా?

1989: కోడిపుంజు, జంట పావురాలు

ఓమందూరార్ ఎస్టేటులోనే రాజాజీ హాలు ఉన్నది. 1987 డిసెంబరు 24న మరణించిన ముఖ్యమంత్రి ఎం.జి.రామచంద్రన్ భౌతికకాయాన్ని ప్రజల దర్శనార్థం అక్కడే ఉంచారు. అన్నాడీఎంకే చీలికకు బీజం ఆ రోజులలోనే పడినది. ఒక వర్గం ఆయన సతీమణి జానకి వెంట, మరొక వర్గం జయలలిత వెంట నడిచాయి. 1988 జనవరి 28న విశ్వాస పరీక్ష రోజున శాసనసభలో ఘర్షణ జరిగి పోలీసులు లోపలికి ప్రవేశించారు. రెండు రోజులకే రాష్ట్రపతి పాలన వచ్చినది. రెండాకుల గుర్తును ఎన్నికల సంఘం స్తంభింపజేసినది.

1989 జనవరి ఎన్నికలలో జయలలిత వర్గం కోడిపుంజు గుర్తుతోనూ, జానకి వర్గం జంట పావురాల గుర్తుతోనూ పోటీచేశాయి. మొదటి వర్గానికి సుమారు 21 శాతం ఓట్లు, 27 స్థానాలు వచ్చాయి. రెండవ వర్గానికి సుమారు 9 శాతం ఓట్లు, 2 స్థానాలు వచ్చాయి. సుమారు 33 శాతం ఓట్లతో డీఎంకే పదమూడేళ్ళ తరువాత అధికారంలోకి వచ్చినది. ఆండిపట్టిలో జానకి గారే ఓడిపోయారు.

ఆ తరువాత ఆమె చేసిన పని గమనార్హం. తన వర్గాన్ని జయలలిత వర్గంలో కలిపివేయడానికి అంగీకరించి, రాజకీయాల నుండి హుందాగా తప్పుకున్నారు. రెండాకులు తిరిగి వచ్చాయి. కొద్ది వారాలకే 1989 మార్చిలో మరుంగాపురి, మదురై తూర్పు స్థానాలలో జరిగిన ఎన్నికలలో కలిసిన పార్టీ గెలిచినది. 1991లో కాంగ్రెస్‌తో కూడిన కూటమి 234లో 225 స్థానాలు సాధించినది. ఆ ఏడాది రాజీవ్ గాంధీ హత్య కలిగించిన సానుభూతి ఆ విజయానికి ముఖ్య కారణమన్న మాట నిజమే. కాని చీలిన ఇంటికి సానుభూతి వచ్చినా దానిని పట్టి ఉంచే పాత్ర ఉండదు.

2022: వీధికెక్కిన తగాదా

ముప్పై మూడేళ్ళ తరువాత అదే పార్టీలో అదే నాటకం మరొక రూపంలో జరిగినది. 2016 డిసెంబరు 5న జయలలిత మరణించిన పిదప ఏర్పడిన చీలిక 2017 ఆగస్టు 21న ఎడప్పాడి పళనిస్వామి, ఓ.పన్నీర్‌సెల్వం వర్గాల విలీనంతో ముగిసినట్లు కనబడినది. జంట నాయకత్వం అయిదేళ్ళు కూడా నిలువలేదు. 2022 జూలై 11న చెన్నై శివారు వానగరంలో సర్వసభ్య సమావేశం జరిగి, జంట నాయకత్వాన్ని రద్దుచేసి, పళనిస్వామిని తాత్కాలిక ప్రధాన కార్యదర్శిగా ఎన్నుకొని, పన్నీర్‌సెల్వంను బహిష్కరించినది. అదే ఉదయం రాయపేటలోని పార్టీ ప్రధాన కార్యాలయం ముందు రెండు వర్గాల కార్యకర్తలు రాళ్ళు రువ్వుకున్నారు. వాహనాలు ధ్వంసమయ్యాయి. రెవెన్యూ అధికారులు కార్యాలయానికి సీలు వేశారు. తాళపుచెవులు ఎవరికి చెందాలన్నది కూడా హైకోర్టే తేల్చవలసి వచ్చినది. 2023 ఫిబ్రవరి 23న సుప్రీంకోర్టు ఆ సమావేశం చెల్లుతుందని తీర్పు చెప్పినది.

ఈ వివాదంలో మన సామాన్య కార్యకర్తకు సంబంధించిన అంశం ఒకటి ఉన్నది. ప్రధాన కార్యదర్శిని ప్రాథమిక సభ్యులే నేరుగా ఎన్నుకోవాలన్నది ఎం.జి.ఆర్. కాలం నుండి ఆ పార్టీ నియమం. పల్లెలో సభ్యత్వ కార్డు పుచ్చుకున్న రైతుకూ ఓటుంటుందన్న భావన అందులో ఉన్నది. 2023 మార్చిలో ఆ పదవికి ఎన్నిక ప్రకటించినా పోటీ లేకుండానే పళనిస్వామి ఎన్నికయ్యారు. కార్యకర్తల మద్దతు తమ వెంటే ఉన్నదని రెండు పక్షాలూ వాదించాయి. ఆ మద్దతును పెట్టెలో వేసి లెక్కించే అవకాశం మాత్రం రాలేదు. కోర్టు తీర్పు హక్కును తేల్చగలదు, మనసును కలపలేదు. 2024 లోక్‌సభ ఎన్నికలలో తమిళనాడులోని 39 స్థానాలూ డీఎంకే కూటమికి వెళ్ళాయి. అన్నాడీఎంకేకు ఒక్కటీ దక్కలేదు. పన్నీర్‌సెల్వం రామనాథపురంలో పనసకాయ గుర్తుపై స్వతంత్రుడిగా నిలిచి ఓడిపోయారు. ఈ ఓటమికి పొత్తులు మొదలైన కారణాలు ఇంకా ఉన్నాయి. అయినా రెండు వర్గాలలో ఏ ఒక్కటీ లాభపడలేదన్నది కాదనలేని సత్యం.

దీనికి పక్కనే మరొక దృశ్యం. 2022 అక్టోబరులో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో మల్లికార్జున ఖర్గేకు 7,897 ఓట్లు, శశి థరూర్‌కు 1,072 ఓట్లు వచ్చాయి. ఓడిన థరూర్ ఫలితాన్ని అంగీకరించి అభినందనలు తెలిపారు. 2023 ఆగస్టులో ఖర్గే ఆయనను కార్యవర్గ కమిటీలోకి తీసుకున్నారు. తరువాత వారి మధ్య సంబంధాలు ఎలా నడిచినా, పోటీ నాడు రాళ్ళు లేవలేదు. ఓట్లు లెక్కపెట్టారు గనుకనే ఓటమిని ఒప్పుకోవడం సులువయినది.

ఏమి నేర్చుకోవాలి?

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూస్తే మూడు విషయాలు తేటపడతాయి. మొదటిది, పోటీ నియమాలు పోటీకి ముందే ఇరువర్గాలూ ఒప్పుకొని ఉండాలి. ఆట మధ్యలో మార్చిన నియమంతో వచ్చిన గెలుపును ఓడినవారు ఎన్నటికీ గెలుపుగా అంగీకరించరు. రెండవది, తొలి అడుగు గెలిచినవారిదే కావాలి. ఓడినవారు ముందుగా వస్తే అది లొంగుబాటుగా కనబడుతుంది, గెలిచినవారు ముందుగా వెళితే అది పెద్దరికంగా కనబడుతుంది. మూడవది, ఓడిన నాయకుడు తన అనుచరులతో తానే స్వయంగా మాట్లాడాలి. ఆయన మౌనం వహిస్తే ఆ మౌనాన్ని ప్రతి పల్లెలోనూ ఎవరికి తోచినట్లు వారు అర్థం చేసుకుంటారు.

ఒక ఆక్షేపణకు సమాధానం చెప్పవలసి ఉన్నది. ఐక్యత పేరుతో భిన్నాభిప్రాయాన్ని అణచివేయడం మంచిదా? కాదు. రంగా గారు రైతుల పక్షాన లేవనెత్తిన ప్రశ్నలు న్యాయమైనవా కావా అన్నది వేరే చర్చ. సిద్ధాంతం కోసం విడిపోయే హక్కు ఎవరికైనా ఉన్నది. అయితే విడిపోవడానికి కారణం సిద్ధాంతమా, అవమానమా అన్నది పరిశీలించుకోవాలి. మన రాజకీయాలలో చీలికలు ఎక్కువగా రెండవ కారణంతోనే జరుగుతున్నాయి. సిద్ధాంతానికి చర్చ మందు. అవమానానికి ఆదరణ ఒక్కటే మందు.

చివరిగా మన పల్లెల సంగతి. ఆంబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరుగుతాయంటారు. పై స్థాయిలో నాయకులు ఏడాది తిరగకుండానే ఒకే వేదిక మీద చేతులు కలుపుతారు. నిన్న శత్రువులు, నేడు సహచరులు. కాని వారి కోసం కలబడిన కుర్రవాళ్ళ మీద పెట్టిన పోలీసు కేసులు మాత్రం వాయిదాలు వేసుకుంటూ ఏళ్ళ తరబడి నడుస్తాయి. పనులు మానుకొని కోర్టు చుట్టూ తిరిగేది వారు. పాస్‌పోర్టు కోసమో, ఉద్యోగం కోసమో దరఖాస్తు పెట్టుకున్ననాడు ఆ కేసు గుర్తుకు వచ్చేది వారికి. ఈ రచయిత ఎరిగిన ఒక సరిహద్దు గ్రామంలో 1989 నాటి కోడిపుంజు, పావురాల తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ములున్నారు. పార్టీ ఆ ఫిబ్రవరిలోనే కలిసిపోయినది. వారి ఇళ్ళ మధ్య కట్టిన గోడ మాత్రం ఆ తరం గడిచేదాకా నిలిచినది. తండ్రి దినానికి ఇద్దరూ వేరువేరుగా పిండం పెట్టారు.

అందుచేత అంతర్గత పోటీ జరిగినప్పుడల్లా పార్టీ పెద్దలను మనం అడగవలసినది ఒకటి ఉన్నది. మీరు కలిసిపోయిన రోజున మా పిల్లల మీది కేసుల సంగతి కూడా తేల్చండి, ఓడిన వర్గంలోని గ్రామ కార్యకర్తను కూడా పిలిచి కుర్చీ వేయండి, అని అడగాలి. మనకు మనం చెప్పుకోవలసినదీ ఒకటున్నది. ఓటు ఎవరికి వేసినా, జెండా ఏది పట్టినా, నాయకుడి కోసం బంధువు ఇంటి గడప తొక్కడం మానుకోవద్దు. నాయకులకు మళ్ళీ కలవడానికి వేదికలు బోలెడు ఉంటాయి. మనకున్నవి పెళ్ళిళ్ళు, పండుగలు, చావులు మాత్రమే. ఆ పోగులు తెగితే ముడివేసేవారు ఢిల్లీ నుండీ రారు, చెన్నై నుండీ రారు, అమరావతి నుండీ రారు.